పట్టా వచ్చాక ఆ గొంతులు ఎక్కడికి పోతున్నాయి?

తీరరేఖ

ఈ వేదికలోని పరిశోధకులందరికీ నమస్కారం. జర్నలిజంలో పిహెచ్‌డి చివరి దశలో ఉన్నాను. విశాఖ తీరంలో పెదజాలారిపేట మొదలుకొని భీమిలి దాకా మత్స్యకార పేటల్లో వార్త ఎలా నడుస్తుందన్నది నా అంశం. వాయుగుండం హెచ్చరిక, రేవులో చేపల ధర, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధానికి ఇచ్చే భృతి, ఎవరి పడవో ఇంకా ఒడ్డుకు రాలేదన్న కబురు, అన్నీ ఇప్పుడు ఫోనులోకే వస్తున్నాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు పంపే సమాచారంతో, సముద్రం పైపొర వేడినీ నీటిలోని పత్రహరితాన్నీ లెక్కగట్టి, చేపలు ఎక్కువగా ఉండగల చోట్లను చెబుతుంది. అది వాట్సాప్ బృందంలోకి చేరగానే పేటలో ఎవరో ఒకరు దాన్ని తమ మాటల్లో చెప్పి వాయిస్ మెసేజ్ పెడతారు. చదవడం రానివాళ్లకు ఆ గొంతే వార్తాపత్రిక. నా పరిశోధనలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఇక నా బెంగ. గంటల కొద్దీ రికార్డింగులు నా దగ్గర పోగుపడ్డాయి. వాటిలో ఒక పెద్దాయన కొండ గుర్తుల గురించి చెప్పింది ఉంది. యారాడ కొండ కొమ్మునూ లోపలి మరో కొండ అంచునూ కలిపి చూసుకుని, అవి రెండూ ఒక వరుసకు వచ్చినప్పుడు పడవ కింద రాతి నేల ఉందని పోల్చుకునే పద్ధతి అది. రాయి ఉన్న చోట చేప నిలుస్తుంది. రెండు అరచేతులనూ కొండల్లా నిలబెట్టి, ఒకదాని వెనక్కి ఒకటి జరుపుతూ చూపించారు. ఆడియోలో చేతులు కనిపించవు. కాని "ఇదిగో, ఇక్కడ ఆగాలి" అనేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం వినిపిస్తుంది. కొడుకుల పడవలో జీపీఎస్ ఉంది కాబట్టి వాళ్లు ఇది నేర్చుకోలేదు.

ఆ మాటల్లో నాలుగు వాక్యాలు నా నాలుగో అధ్యాయంలోకి వెళ్లాయి. మిగిలిందంతా హార్డ్ డిస్కులో ఉంది. సిద్ధాంత గ్రంథం పీడీఎఫ్ అయి, దేశంలోని పిహెచ్‌డి గ్రంథాలను నెట్‌లో ఉంచే శోధగంగలో చేరుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. మరి ఆ గొంతు? నాకు పట్టా వచ్చాక, ఉద్యోగం కోసం ఊరు మారాక, ఆ డిస్కు ఏమవుతుంది? మీరంతా మీ రికార్డింగులను ఏం చేస్తున్నారు? దయచేసి వివరంగా రాయండి.

జముకు

మీ ప్రశ్నకు జవాబు ప్రస్తుతం నా గదిలో మంచం కింద ఉందండీ. ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు.

నేను తెలుగు శాఖలో పరిశోధకుణ్ణి. ఉత్తరాంధ్ర కథాగాన రూపాలు నా అంశం. మాకు తెలిసిన ఒక విశ్రాంత అధ్యాపకులు పోయినప్పుడు, ఇల్లు ఖాళీ చేస్తూ వారి కుటుంబం నన్ను పిలిచి ఆ పెట్టె ఇచ్చింది. పారేయడానికి చేతులు రాలేదు, ఎవరికివ్వాలో తెలియలేదు అన్నారు. 1980ల నాటివి, జముకు అనే తీగ వాద్యంతో చెప్పే జముకుల కథలు, తప్పెటగుళ్లు. కొన్నింటి మీద పెన్సిలుతో ఊరి పేరు ఉంది. కొన్నింటి మీద "ఎల్లమ్మ కథ - రెండో రాత్రి" అని మాత్రమే ఉంది. మొదటి రాత్రి ఏ క్యాసెట్టో తెలియదు. పాడినవారి పేరు దాదాపు ఎక్కడా లేదు.

విశాఖ గాలి సంగతి మీకు తెలుసు. తేమ, ఉప్పు. టేపు చుట్ట అంచుల మీద తెల్లటి బూజు పొర కనిపిస్తోంది. ఆ బూజుతోనే ఆడిస్తే అది ప్లేయరు తలకాయకు అంటుకుని తరువాతి క్యాసెట్‌నూ పాడుచేస్తుంది. అందుకే బూజు ఉన్నవాటిని వేరే పెట్టెలో పెట్టాను. ఇంకో చిక్కు ఏమిటంటే, టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అడ్డదారి లేదు. సీ-90 క్యాసెట్ అంటే పక్కకు 45 నిమిషాలు, మొత్తం గంటన్నర. గంటన్నర కథ ఎక్కాలంటే గంటన్నరసేపు పక్కన కూర్చోవాల్సిందే.

ఒక క్యాసెట్‌లో కథ మధ్యలో వాన వచ్చింది. జనం లేచిన అలికిడి, ఎవరో పిల్లవాణ్ణి పిలవడం, జముకు వాయించే ఆయన తీగ బిగించుకుంటూ మోగించి చూసుకోవడం, తరువాత కథకుడు వానను కూడా కథలోకి లాగి ఎల్లమ్మ తల్లి పంపిందని చెప్పి మళ్లీ ఎత్తుకోవడం, అన్నీ ఉన్నాయి. ఆ అధ్యాపకులు అచ్చు వేసిన వ్యాసంలో కథ సారాంశం మాత్రం ఉంది. వాన లేదు.

మూడో అధ్యాయం

మీ ఇద్దరి ఆవేదనా అర్థమవుతోంది. కాని నా పరిస్థితి చెప్తాను. నాకు జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధకులకు నెలనెలా ఇచ్చే భృతి, లేదు. ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి. నేను ఉదయం ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నా పని చేసుకుంటున్నాను. గడువు దగ్గర పడింది. పిహెచ్‌డికి ముందే పత్రం ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. అయినా రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్తే అడిగేది పత్రాల గురించే. వంద గంటల రికార్డింగులను శుద్ధిచేసి, వివరాలు రాసి, ఒక చోట భద్రపరిచాను అంటే దానికి మార్కు ఏ పట్టికలోనూ లేదు.

ఇది మంచి పని కాదని నేను అనడం లేదు. ఈ పనిని విశ్వవిద్యాలయాలు పనిగా గుర్తించనంత కాలం దాన్ని పేద పరిశోధకుడి మనస్సాక్షి మీదకు తోసేయడం న్యాయం కాదంటున్నాను.

శబ్దతరంగం

నేను కంప్యూటర్ సైన్సు మనిషిని. మాటను రాతగా మార్చే వ్యవస్థల మీద పని చేస్తున్నాను. లెక్క చెప్తాను, భయం కొంత తగ్గుతుంది.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒకే ఛానెల్ వేవ్ ఫైలు గంటకు సుమారు 520 మెగాబైట్లు. వంద గంటలంటే 52 గిగాబైట్లు, అంటే మామూలు పెన్ డ్రైవ్‌లో పడుతుంది. కాబట్టి స్థలం సమస్య కాదు. దయచేసి ఎంపీ3గా మాత్రం కుదించి అసలుదాన్ని చెరిపేయకండి. కుదించేటప్పుడు చెవికి అవసరం లేదని యంత్రం అనుకున్నది పోతుంది, పోయింది తిరిగి రాదు. జముకు గారు చెప్పిన తీగ నాదం లాంటివి ముందు దెబ్బతింటాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పుట్టుకతోనే కుదింపుతో వస్తాయి. వాటిని వచ్చినవి వచ్చినట్టే దాచండి, మరో రూపంలోకి మార్చి దాచినంత మాత్రాన నాణ్యత పెరగదు.

ఇక రాతగా మార్చడం. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం చేసిన యంత్రాల్లాంటివి వార్తలు చదివే తెలుగును బాగానే పట్టుకుంటున్నాయి. అదే యంత్రానికి రేవులో గాలి హోరు మధ్య మాట్లాడే మనిషిని ఇచ్చి చూడండి. 2022లో వచ్చిన విస్పర్ లాంటివి నిశ్శబ్దం ఉన్న చోట ఎవరూ అనని వాక్యాలు కూడా రాసేస్తాయి. పరిశోధనలో అది ప్రమాదం. ఎవరైనా యంత్రం ఇచ్చిన రాతను వినకుండా అనుబంధంలో పెడుతుంటే ఆపేయండి.

ఇలా ఎందుకవుతోంది? యంత్రం విన్న తెలుగులో ఉత్తరాంధ్ర గొంతు తక్కువ. అందుకే నా మనవి: మీ దగ్గరున్న రికార్డింగులన్నీ అందరికీ అందుబాటులో పెట్టండి. మనవాళ్ల మాట యంత్రానికి అర్థం కాకపోతే, రేపు ఆసుపత్రిలోనో బ్యాంకులోనో గొంతుతో నడిచే సేవలు వచ్చినప్పుడు నష్టపోయేది మన పేటలవాళ్లే. భాషిణి లాంటి ప్రభుత్వ ప్రయత్నం 2022 నుంచి ఉంది. మనం ఇవ్వకపోతే అందులోనూ మన యాస ఉండదు.

గాలికొండ

"అందరికీ అందుబాటులో పెట్టండి" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మాది అరకు వైపు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదువుతున్న మొదటి మనిషిని నేను. చిన్నప్పటి నుంచి మా ఊళ్లోకి కెమెరాలు రావడం చూస్తున్నాను. థింసా ఆడమంటారు, ఆడతారు. మళ్లీ ఆడమంటారు, ఇందాక వెలుతురు సరిపోలేదంటారు. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బు అడుగుతారు. అది మా వేడుక. ఆ పాటల్లో కొన్ని వరసైనవాళ్లను ఆటపట్టించేవి. మా అత్తలు, వదినలు ఆ రోజు, ఆ దారిలో, ఆ మనుషుల ముందు పాడుకునేవి. వాటిలో ఒకటి ఫోనులో తీసి, కింద ఏవేవో మాటలు రాసి ఎవరో రీలుగా పెట్టారు. మా వదిన ఆ ఏడాది పండుగకు దారిలోకి రాలేదు.

పరిశోధకులు రీళ్లు చేసేవాళ్లలాంటివారని నేను అనడం లేదు. నేనూ పరిశోధకురాలినే. కాని మా ఊరి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా వస్తారు. వచ్చి అడుగుతారు, తీసుకుంటారు, వెళ్తారు. మా తాత మా కువి భాషలో చెప్పిన కథ ఒకటి ఎక్కడో ఒక సిద్ధాంత గ్రంథంలో ఉందని విన్నాం. ఆ గొంతు మేము మళ్లీ వినలేదు. తాత పోయారు.

తీరరేఖ గారి ప్రశ్న నాకు నచ్చింది. కాని అందులో ఒక సగమే ఉంది. ఎక్కడ దాచాలి అని అడిగారు. ఎవరికి తిరిగివ్వాలి అని కూడా అడగాలి.

శబ్దతరంగం

గాలికొండ గారూ, మీరు చెప్పింది చదివాక నేను వాదనకు దిగను. ఒక్క సందేహం అడుగుతాను. కువి లాంటి భాషలకు రికార్డింగులు అసలే తక్కువ. మూసిపెట్టి ఉంచితే రేపు మీ పిల్లలకు ఆ భాషలో ఫోను పనిచేసే అవకాశమే పోదా?

గాలికొండ

పోవచ్చు. ఆ లాభనష్టాలు తూచుకోవాల్సింది మేము. మాకు కువిలో ఫోను కావాలో ముందు బడి కావాలో మమ్మల్ని అడగాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మాతృభాషలో చదువు చెప్పే పథకాన్ని ఎనిమిది గిరిజన భాషల్లో మొదలుపెట్టారు, కువి అందులో ఒకటి. తెలుగు లిపిలోనే పుస్తకాలు చేశారు. మా భాషలో అచ్చయిన వాక్యం చూసినప్పుడు పెద్దవాళ్ల ముఖాలు ఎలా వెలిగాయో మా అన్న ఇప్పటికీ చెప్తాడు. అలాంటి పనికి రికార్డింగు కావాలంటే ఊరంతా కూర్చుని ఇస్తుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం ఆగస్టు 29న వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఆయన సవర భాష నేర్చుకుని ఊరుకోలేదు. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. 1938లో అచ్చయిన నిఘంటువు ఆ తరువాతి సంగతి. తీసుకున్న చోటికి ముందు ఇచ్చారు. ఆ వరుస ముఖ్యం.

పాత వాల్తేరు

పిల్లలూ, నేను విద్యార్థిని కాను. ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. చదువుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

విశాఖలో ఆకాశవాణి 1963లో మొదలైంది. రేడియోలో మన యాస వినిపించిన రోజు వీధిలో అందరూ ఆగి విన్న కాలం మాది. అప్పట్లో ఏ ఊరి రేడియోకైనా స్పూలు టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయాక చెరిపి, దాని మీదే మరొకటి ఎక్కించడం ప్రపంచమంతటా మామూలు. కాబట్టి గొప్ప గొంతులు పోవడానికి ప్రతిసారీ నిర్లక్ష్యమే కారణం కాదు, లేమి కూడా. మీ తరానికి ఆ లేమి లేదు. శబ్దతరంగం చెప్పిన లెక్క చూసి నాకు కళ్లు చెమర్చాయి. వంద గంటల మాట జేబులో పడుతుంది!

ఇంకో సంగతి. బ్రిటిషు పాలనలో గ్రియర్సన్ నడిపిన భాషా సర్వేలో భాగంగా సుమారు వందేళ్ల కిందట ఈ దేశపు భాషలను గ్రామఫోను పళ్లేల మీద ఎక్కించారు. అచ్చయిన సర్వేలో మద్రాసు ప్రెసిడెన్సీ లేకపోయినా, గ్రామఫోను రికార్డుల్లో మన వైపు భాషలూ ఉన్నాయి. చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని నెట్‌లో పెట్టారు. వందేళ్ల నాటి మనిషి ఎలా మాట్లాడాడో ఇవాళ ఇంట్లో కూర్చుని వినవచ్చు. ఎవరో ఒకరు దాచారు కాబట్టి.

మూడో అధ్యాయం

అవును. కాని ఆ దాచినవారికి అది జీతంతో కూడిన ఉద్యోగం. నా మాట మళ్లీ అదే.

సూచిక

గ్రంథాలయ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. ఇక్కడ రెండు పక్షాలు ఉన్నట్టు కనిపిస్తోంది, ఒకటి తెరవమనీ మరొకటి మూయమనీ. నిజానికి మంచి ధ్వని భాండాగారాల్లో ఇది ఎప్పుడో తేలిన తగవు. ఆస్ట్రేలియాలో 2003లో మొదలైన పారడిసెక్, 2002లో లండనులో పుట్టి 2021లో బెర్లినుకు మారిన ఎలార్, ఇవి రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల రికార్డింగులు దాస్తాయి. ప్రతి రికార్డింగుకూ ఎవరు వినవచ్చో విడిగా నిర్ణయించే వీలు ఉంటుంది. ఎలార్‌లో ఒకే సేకరణలో కొన్ని అందరికీ తెరిచి, కొన్ని అడిగినవారికే ఇచ్చేలా పెట్టవచ్చు. మన దేశంలో, వేర్వేరు జనసమూహాల సంగీతాన్ని అధ్యయనం చేయడం కోసం 1982లో పుణెలో మొదలైన ఒక భాండాగారం ఇప్పుడు గురుగ్రామ్‌లో నడుస్తోంది. పరిశోధకులు తమ సేకరణలను అక్కడ డిపాజిట్ చేస్తారు. జముకు గారి పెట్టెకు అది ఒక దారి కావచ్చు, రాసి అడగండి.

ఇక యూట్యూబు. చాలామంది అక్కడ పెట్టేసి భద్రం అనుకుంటారు. ఛానెల్ నడిపే మనిషి ఖాతా పోతే అన్నీ పోతాయి. ఎక్కించిన ఫైలును అది తన పద్ధతిలో కుదించి చూపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పాడినవారి పేరు, ఊరు, సందర్భం రాయడానికి అక్కడ ఎవరినీ ఎవరూ నిర్బంధించరు. ఉత్తరాంధ్ర జానపదం అని వెతికితే వచ్చే వీడియోల్లో ఎన్నింటి కింద గాయకుల పేరు ఉందో ఒకసారి చూడండి, మీకే కోపం వస్తుంది. యూట్యూబు చూపించుకోవడానికి మంచి వేదిక. దాచుకోవడానికి కాదు.

మూడో అధ్యాయం గారి బాధ న్యాయమైనది. అందుకే వంద గంటలూ శుద్ధి చేయమని నేను ఎవరినీ అడగను. ప్రతి రికార్డింగుకూ ఒక చిన్న పాఠ్య ఫైలు రాయండి చాలు. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ తేదీ, ఏ భాష, ఎవరు రికార్డు చేశారు, ఏం చెప్పారు అన్నది రెండు వాక్యాల్లో, ఏ షరతుల మీద ఇచ్చారు. ఇంటికి తిరిగి వచ్చిన రాత్రే రాస్తే పది నిమిషాల పని. పదేళ్ల తరువాత రాయాలంటే ఎవరి వల్లా కాదు. జముకు గారి పెట్టెలో మొదటి రాత్రి క్యాసెట్ ఏదో తెలియకుండా పోయింది అందుకే.

మూడు ప్రతులు ఉంచండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే రకం సాధనం మీద, ఒకటి వేరే ఊళ్లో. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఈ నగరాన్ని ఏం చేసిందో చూసినవాళ్లకు వేరే ఊరు ఎందుకో చెప్పనక్కర్లేదు.

సబ్బవరం

న్యాయశాస్త్ర విద్యార్థిని. రెండు విషయాలు మాత్రమే.

ఒకటి. కాపీరైటు చట్టంలో 1994 సవరణతో వచ్చిన ప్రదర్శకుల హక్కు, 1999 సవరణ తరువాత 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకులంటే సినిమా గాయకులే కాదు, జముకుల కథ చెప్పే ఆయన, తప్పెటగుళ్లు ఆడే ఆయన కూడా. 2012 సవరణ వాళ్లకు తమ పేరు చెప్పించుకునే హక్కును, తమ ప్రదర్శనను పరువుకు భంగం కలిగేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కును ఇచ్చింది. పేరు లేకుండా వీడియో పెట్టడాన్ని మర్యాద లోపంతో సరిపెట్టలేం. అది హక్కుల సంగతి.

రెండు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టంలో పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిని చూసుకుని సమ్మతి అక్కరలేదని అనుకోకండి. ఆ చట్టమే సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు ఇవ్వాలంటోంది. తెలుగు అందులో ఉంది. కువి లేదు. కాబట్టి గాలికొండ గారి ఊళ్లో చట్టం అడిగినదానికన్నా ఎక్కువే చేయాలి.

తీరరేఖ

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. గాలికొండ గారి మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

సమ్మతి పత్రం సంగతి చెప్తాను. మేము తీసుకెళ్లేది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. రేవు దగ్గర చేపలు అమ్మే ఒక అమ్మ నా పత్రం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తడి చేతితో అంచు ముడతపడిందని తనే బాధపడి, "ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?" అని అడిగింది. అందులో ఏముందని అడగలేదు. నన్ను నమ్మింది. ఆ నమ్మకాన్ని కాగితం మీద సంతకంగా మార్చుకుని ఫైలులో పెట్టుకోవడం సమ్మతి అనిపించుకోదు.

దీన్ని గొంతుతోనే అడగవచ్చు కదా? రికార్డింగు మొదట్లోనే, తెలుగులో, మూడు ప్రశ్నలు. "ఇది ఎవరెవరు వినవచ్చు? మీ పేరు చెప్పమంటారా, వద్దా? రేపు ఎవరైనా వేరే పనికి దీన్ని అడిగితే, మీరు లేకపోతే ఎవరిని అడగాలి?" జవాబు వాళ్ల గొంతులోనే ఉంటుంది. ఎప్పుడు మనసు మారినా తీసేయమని చెప్పవచ్చు అని కూడా అక్కడే చెప్పాలి.

గాలికొండ

మూడో ప్రశ్న చాలా అవసరం. ఇంకొకటి చేర్చండి. "యంత్రానికి మాట నేర్పడానికి దీన్ని వాడుకోవచ్చా?" ఇది వినడానికి ఇచ్చిన సమ్మతిలో కలిసిపోకూడదు. విడిగా అడగాలి, విడిగా కాదనే వీలుండాలి.

శబ్దతరంగం

ఒప్పుకుంటున్నాను. మా రంగంలో దీన్ని విడిగా అడగడం అరుదు. నెట్‌లో ఉంటే చాలు, తీసుకోవడమే. ఈ ప్రశ్నను మా ప్రయోగశాల సమావేశంలో పెడతాను. మొజిల్లా వాళ్ల కామన్ వాయిస్‌లో మనుషులు తెలిసి, తమంతట తాము ఒక్కో వాక్యం చదివి ఇస్తారు. కష్టమే, నెమ్మదే, కాని ఆ దారిన వచ్చిన గొంతు మీద ఎవరికీ మనస్తాపం ఉండదు. మన యాసలో అలా ఇచ్చేవాళ్లను కూడగట్టడం నేను చేయగలను. పేటలో ఎవరైనా ఇష్టపడితేనే.

గాలికొండ గారూ, మీరు చెప్పిన వరుసను నేను మర్చిపోను.

జముకు

నా పెట్టెలోని గొంతులను అడిగే దారి లేదు. చాలామంది ఇప్పుడు లేరు. అయినా ఊరి పేర్లు కొన్నింటి మీద ఉన్నాయి కదా. ఒక ఊరికి వెళ్లాను. కాపీని ఫోనులోకి ఎక్కించి, రామాలయం అరుగు మీద కూర్చుని వినిపించాను. కథ మొదలైన కాసేపటికే ఒక ముసలమ్మ "ఇది మా మావ గొంతు" అన్నారు. పేరు చెప్పారు. పక్కన తాళం వేసినవారి పేరూ చెప్పారు. ఎవరు ఎక్కడ నేర్చుకున్నారో, ఏ ఊళ్లో ఏ రాత్రి కథ కట్టారో ఒక్కొక్కరూ అందుకున్నారు. అచ్చు వ్యాసంలో లేని సమాచారం ఆ అరుగు మీద దొరికింది. వాళ్ల మనవడు ఆ రికార్డింగు తన ఫోనులోకి తీసుకున్నాడు. ఎవరికైనా ఇవ్వవచ్చా అని అడిగితే, "పేరు చెప్పి ఇవ్వండి" అన్నారు.

తిరిగివ్వడం వల్ల మనం నష్టపోయేదేమీ లేదు మూడో అధ్యాయం గారూ. పరిశోధనగా చూసినా ఆ అరుగు మీదే నా అధ్యాయానికి అసలు సామగ్రి దొరికింది. ఒట్టి సేవ అనుకుంటే మీ గడువు ముందు అది ఓడిపోతుంది. పద్ధతిలో భాగం చేసుకుంటే గెలుస్తుంది.

మూడో అధ్యాయం

మీరు ఇలా చెప్పినప్పుడు నాకు దారి కనిపిస్తోంది. పరిశోధన పద్ధతుల అధ్యాయంలో "వినిపించి సరిచూసుకోవడం" అని ఒక భాగం రాయవచ్చు. పరీక్షకులు దాన్ని కాదనలేరు. మార్కు లేని పనికి కనీసం పుటలు దొరుకుతాయి.

విశ్వవిద్యాలయాల మీద నా డిమాండు మాత్రం వదులుకోను. గ్రంథం సమర్పించేటప్పుడు పీడీఎఫ్ అడిగినట్టే రికార్డింగుల పట్టిక కూడా అడగాలి. దాచడానికి గ్రంథాలయంలో చోటు, చూసుకోవడానికి ఒక మనిషి, ఆ మనిషికి జీతం ఉండాలి. మనమంతా సంతకాలు పెట్టి ఒక వినతి పత్రం ఇద్దాం. ముసాయిదా నేను రాస్తాను.

సూచిక

రాయండి. డిపాజిట్ పత్రం నమూనా నేను జతచేస్తాను. పట్టిక నమూనా తెలుగులోనే చేస్తాను, ఇంగ్లీషులో కాదు.

పాత వాల్తేరు

నా దగ్గర ఒక క్యాసెట్ డెక్ ఉంది. బెల్టు కొత్తది వేయించాను, బాగా నడుస్తోంది. తలకాయ శుభ్రం చేసే ద్రవం, దూది కూడా ఉన్నాయి. జముకు, నువ్వు తీసుకుపో నాయనా. బూజు పట్టినవి మాత్రం దానిలో పెట్టకు, ముందు తెలిసినవారికి చూపించు. నాకు చేతనయినంత కాలం పక్కన కూర్చుని వినడానికి వస్తాను. పాత పాటగాళ్ల గొంతులు కొన్ని నేను పోల్చగలను.

జముకు

మాస్టారూ, ఈ వారమే వస్తాను. మీరు పక్కన కూర్చుంటే అంతకన్నా కావాల్సింది లేదు.

తీరరేఖ

నా సంగతి చెప్పి ఈ వారానికి ఆపుతాను. మా గైడు గారితో మాట్లాడాను. గ్రంథం సమర్పణను కొంచెం వెనక్కి జరపడానికి ఒప్పుకున్నారు. ఏప్రిల్ 15న వేట ఆగుతుంది. పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మగవాళ్లంతా పేటలోనే ఉంటారు. అప్పుడు వెళ్లి ప్రతి ఒక్కరికీ వారి రికార్డింగు వినిపిస్తాను. ఉంచమన్నవి ఉంచుతాను, తీసేయమన్నవి వారి ముందే తీసేస్తాను. కొండ గుర్తులు చెప్పిన పెద్దాయనను ఈసారి వీడియో తీయనిస్తారా అని అడుగుతాను, ఆ చేతుల కోసం. కొడుకులనూ కూర్చోబెట్టమని ఆయన్నే కోరతాను.

వినతి పత్రం మీద మాట్లాడుకోవడానికి వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ముందు కలుద్దాం. సూచిక గారూ, పట్టిక నమూనా ప్రతులు తీసుకురండి. గాలికొండ గారూ, సమ్మతి ప్రశ్నలను మీరు కువిలో ఎలా అడుగుతారో వినాలని ఉంది, మీకు ఇష్టమైతేనే. పాత క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్లు తీసుకురండి. డబ్బా మీద, లోపలి అట్ట మీద ఏ రాత ఉన్నా తుడవకుండా, వేరే డబ్బాలోకి మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే తెండి.